ముందు గదిలో ఏడో తరగతి

పోయిన వారం ఒక పొద్దున పాలప్యాకెట్ల కోసం గేటు దగ్గర నిలబడి ఉండగా, ఎదురింటి పిల్ల స్కూలు వ్యాను ఎక్కబోతూ పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. పన్నెండేళ్ళుంటాయేమో దానికి. వ్యానులో ఉండే ఆయా కంగారు పడలేదు. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడకున్న టై వదులు చేసి, తల కింద తన చున్నీ మడిచి పెట్టి, సెల్‌ఫోనులో టైము చూసుకుంటూ కూర్చుంది. రెండు నిమిషాల్లో ఫిట్స్ ఆగాయి. ఒకరోజు ఇంట్లో ఉండి ఆ పిల్ల మళ్ళీ అదే వ్యాను ఎక్కి బడికి పోయింది. వీధిలో ఎవరికీ అది వింతగా తోచలేదు. నాకు మాత్రం ఆ రోజంతా ఏ పనీ తోచలేదు, అన్నం సహించలేదు. సంతోషించాల్సిన చోట కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను గాని, ఇరవై ఏళ్ళ కిందటి కోపమే అయి ఉంటుంది.

అప్పట్లో మేం అనకాపల్లి గవరపాలెంలో రెండు గదుల పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరుకు ఆడే సీజను వచ్చిందంటే ఆయన ఇంటికి చుట్టం కిందే లెక్క. నేను ఇంటరు చదివి, టైపు హయ్యరు పాసై, మెయిన్‌రోడ్డు వెనక ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్పేదాన్ని. కంప్యూటర్లు వచ్చేసి టైపు నేర్చుకునేవాళ్ళు పలచబడుతున్న రోజులే అయినా, పది మిషన్లు ఒక్కసారి మోగుతుంటే ఆ గదిలో నాకొక మర్యాద ఉండేది. పిల్లలు నన్ను మేడమ్ అనేవారు. ఆ ఒక్క మాట కోసమైనా మధ్యాహ్నం ఎండలో నడిచి వెళ్ళేదాన్ని.

మా అమ్మాయి ప్రభుత్వ బడిలో ఏడో తరగతిలో చేరిన కొత్తలో దానికి మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. రెండోసారి ఇంట్లో వచ్చాయి. మూడోసారి తరగతిలో, లెక్కల పీరియడులో. పిల్లలంతా కేకలు పెట్టుకుంటూ బయటికి పరుగెత్తారట. అటెండరు వచ్చి, చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని, తాళాలగుత్తి దాని అరచేతిలో కుక్కి గట్టిగా మూసిపెట్టాడట. నేను వెళ్ళేసరికి అది వరండాలో బల్ల మీద ఒక్కత్తీ పడుకుని ఉంది. అరచేతిలో తాళాల పళ్ళు దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

హెడ్మాస్టరుగారు చెడ్డవారు కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, నెమ్మదిగానే మాట్లాడారు. "పిల్లకి పూర్తిగా నయమయ్యేక తీసుకురండమ్మా. మిగతా పిల్లలు బెదిరిపోతన్నారు. రేపు ఇక్కడ ఏదైనా జరిగితే మాట నాకొస్తాది" అన్నారు. నయమవడానికి ఎంత కాలం పడుతుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. టీసీ రాసి నా ముందు పెట్టారు. బడి మానడానికి కారణం అన్న చోట 'తల్లిదండ్రుల కోరిక' అని ఉంది. నేను ఏమీ కోరలేదని చెప్పాలనుకున్నాను. కాని ఆయన పెన్నే తీసుకుని సంతకం పెట్టాను. ఆ సంతకం తలచుకుంటే ఈ రోజుకీ నా చెయ్యి నాకే నచ్చదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన "మన పిల్లని ఒద్దన్న కాడ మనకేటి పని? నువ్వు సదువుకున్నదానివే కదా, ఇంటికాడే సెప్పు" అని డ్యూటీకి వెళ్ళిపోయారు. ఆయనకు అది ఒక్క మాట. నాకది ఉద్యోగం మానడం, మేడమ్ అన్న పిలుపు పోవడం, పొద్దున లేచిన దగ్గర నుంచి ఒకే పిల్ల మొహం చూస్తూ ఒకే గదిలో ఉండడం. ఆదివారం ఆయన పాత బీరువా తలుపుకు నల్లరంగు పూసి ముందు గదిలో గోడకు ఆనించారు. అలా మా ఇంట్లో ఏడో తరగతి మొదలైంది.

మాడుగుల నుంచి మా ఆడపడుచు హల్వా పొట్లం పట్టుకుని చూడడానికి వచ్చింది. ఆ నల్లబల్ల చూసి, పిల్ల వినేటట్టుగానే, "ఏటి వదినా, ఈ సదువు లేకపోతే ఏటైపోద్ది? పాస్టరుగారి సేత ప్రార్థన సేయించు, అదే పోద్ది. నలుగురికీ తెలిత్తే రేపు ఈ పిల్లనెవులు సేసుకుంటారు?" అంది. ప్రార్థనలు చేయించకపోలేదు. నమ్మకమూ లేకపోలేదు. కాని ఆ మాట తరవాత చర్చిలో కూడా మా బెంచీ పక్కన ఎవరు కూర్చుంటున్నారో, ఎవరు జరుగుతున్నారో గమనించుకోవడం నాకలవాటైపోయింది.

చదువు చెప్పడమంటే టైపు నేర్పినట్టే అనుకున్నాను. మొదటి నెల ఉత్సాహంగానే గడిచింది. పొద్దున గిన్నెలు తోముకుని, చాప పరిచి, బడిలో కొట్టే గంటల ప్రకారం పీరియడ్లు పెట్టాను. పాఠం చెబితే పిల్లకు అర్థమయ్యేది. తిరిగి అడిగితే చెప్పేది కూడా. మర్నాటికి ఏమీ ఉండేది కాదు. క.సా.గు. అంటే ఏమిటో, గ.సా.భా. అంటే ఏమిటో నేను ఎన్నిసార్లు చెప్పానో దేవుడికే తెలియాలి. పదకొండు గంటలయ్యేసరికి కళ్ళు మూతలు పడేవి, పుస్తకం మీదే తల వాల్చేసేది. మొహం కడుక్కోమని పంపితే నూతి దగ్గర బాల్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయేది. ఇంత చిన్న లెక్క రాని పిల్ల కోసం అంత చక్కని ఉద్యోగం మానుకున్నానా అని నాలో నేను రగిలిపోయేదాన్ని. కిటికీలోంచి బడికెళ్ళే పిల్లలు కనబడితే వాళ్ళ మీదా కోపమే.

మూడో నెలలో ఒక రోజు, ముందు రోజు నాలుగుసార్లు చేయించిన లెక్కనే మళ్ళీ ఇచ్చాను. సుద్దముక్క పట్టుకుని బల్ల ముందు నిలబడి, ఆ అంకెలు ఎప్పుడూ చూడనట్టు చూసింది. చెక్క స్కేలు తీసుకుని చేతుల మీద కొట్టాను. రెండు దెబ్బలతో ఆపినదాన్ని కాదు. అది ఏడవలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, "నేను కావాలని మర్సిపోనమ్మా. నిన్న సదివింది పొద్దున్నకి ఎవరో తుడిసేసినట్టుంటాది" అంది. బద్ధకానికి ఎన్ని మాటలు నేర్చావే అన్నాను. దాని మాట నేను నమ్మలేదు. నేను ఇన్నాళ్ళూ దాచుకున్నది అదే.

అంతవరకు నెలనెలా విశాఖపట్నంలో డాక్టరుగారి దగ్గరికి మా ఆయనే తీసుకెళ్ళేవారు. పాత చీటీ చూపించి అవే మాత్రలు తెచ్చేసేవారు. ఆ నెల సీజను మొదలవడంతో నేను వెళ్ళాను. ఫిట్స్ ఎన్నిసార్లు వచ్చాయని డాక్టరుగారు అడిగితే దానికి జవాబు చెప్పి, పనిలో పనిగా ఫిర్యాదు కూడా చేశాను. పిల్ల బొత్తిగా మొద్దుబారిపోయిందని, చదువు మీద ధ్యాస లేదని, పగలంతా నిద్రేనని. ఆయన రాస్తున్నది ఆపి నా వైపు చూశారు. "ఈ మాత్ర కొందరికి ఇలా చేస్తుందమ్మా. నిద్ర వస్తుంది, చదివింది నిలవదు. పిల్ల తప్పేం లేదు. ఇది ముందే ఎవరూ చెప్పలేదేం?" అన్నారు. పక్కనే కూర్చున్న పిల్ల నా మొహం చూడలేదు. తన చేతుల వైపు చూసుకుంది.

తిరుగు బస్సులో అది కిటికీ పక్కన కూర్చుని నా భుజం మీద నిద్రపోయింది. అనకాపల్లి వచ్చేదాకా, తప్పయిపోయిందమ్మా అన్న ఒక్క మాటను నోట్లో పట్టుకుని కూర్చున్నాను. దిగేటప్పుడు చెబుదామనుకున్నాను, ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను. పిల్లలకు క్షమాపణ చెప్పే అలవాటు మా తరంలో తల్లులకు లేదు. ఆ రోజు దానికిష్టమని వంకాయ పచ్చడి చేసి పెట్టాను. అది చాలనుకున్నాను.

మాత్ర మార్చాక నెల తిరిగేసరికి పిల్ల నెమ్మదిగా తేరుకుంది. లెక్కలు ఎప్పుడూ దానికి కొరుకుడు పడలేదు, నేనూ మంచి టీచరును కాలేకపోయాను, విసుక్కునే గుణం పూర్తిగా పోలేదు. కాని స్కేలు మళ్ళీ పట్టుకోలేదు. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మూలపడేసిన ఒక మిషను అడిగి తెచ్చుకుంటే, మా ఆయన దాన్ని విప్పి బాగుచేశారు. ఇంగ్లీషు, సోషల్ జవాబులు నోటితో వల్లించే బదులు టైపు కొట్టుకుంటూ నేర్చుకునేది. అలా మూడేళ్ళు ఆ ముందు గదిలోనే గడిచాయి. ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతికి కట్టించాం. సెంటరు పాయకరావుపేటలో పడింది. పరీక్షలు అయినన్ని రోజులూ గేటు బయట గొడుగు వేసుకుని, లోపల ఎవరైనా కుర్చీ జరిపిన చప్పుడు వినబడినా లేచి నిలబడుతూ కూర్చున్నాను. ఏమీ జరగలేదు. లెక్కల్లో అత్తెసరు మార్కులతో, మిగతావాటిలో ఫరవాలేకుండా పాసయింది. హెడ్మాస్టరుగారికి ఆ మార్కుల కాగితం చూపించి రావాలని ఉండేది. ఆయన అప్పటికే బదిలీ అయిపోయారు. ఇన్‌స్టిట్యూట్ కూడా మూతపడింది.

ఇప్పుడు మా అమ్మాయి సబ్బవరంలో ఉంటోంది. ఒక ఆస్పత్రిలో వచ్చిన రోగుల వివరాలు కంప్యూటరులో ఎక్కించే పని. ఫిట్స్ వచ్చి చాలా ఏళ్ళయింది. ఎదురింటి పిల్ల సంగతి జరిగిన సాయంత్రం దానికి ఫోను చేసి, ఇన్నాళ్ళుగా అడగలేనిది అడిగేశాను. ఆ రోజు స్కేలుతో కొట్టడం నీకు గుర్తుందా, నా మీద కోపం ఉందా అని. "ఏ రోజమ్మా? ఆ ఏడాదంతా నాకు సరిగా గుర్తే లేదు. బల్లకి నాన్న రంగెయ్యడం ఒక్కటి తెలుసు" అంది. తరవాత, నేను ఏడుస్తున్నానని తెలిసిందో ఏమో, నా మోకాళ్ళ నొప్పి మందు సంగతి ఎత్తింది.

దాని మనసులో ఆ దెబ్బలు లేకపోవడం మంచిదే. కాని క్షమించమని అడగడానికి ఇక మనిషి లేకుండా పోయింది. ఇప్పటి తల్లులు మందు చీటీ చేతికి రాగానే ఫోనులో వెదుక్కుని, ఈ మాత్రకు నిద్ర వస్తుందటగా అని డాక్టరునే నిలదీస్తున్నారు. చూసి మురిసిపోతాను. బళ్ళు కూడా మారాయి, పిల్లకు ఒంట్లో బాగోలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడే రోజులు కొంచెం తగ్గాయి. ఈ తెలివిలో పావు వంతు, ఈ ధైర్యంలో ఒక పిసరు ఆ రోజుల్లో మాకుంటే ఎంత బాగుండేది అనుకుంటాను. కాని నేను స్కేలు పట్టుకున్న రోజున మా పిల్ల నాకు నిజం చెప్పింది. తెలివీ ధైర్యమూ లేకపోయినా, విని నమ్మితే సరిపోయేది.