ఎండ కోసం ఆగిన డాక్టరమ్మ

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక, మా మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మగారు ప్రభువు సన్నిధికి చేరారని పాస్టరుగారు చెప్పారు. ఎవరమూ వెంటనే లేవలేకపోయాం. ఈ చుట్టుపక్కల ఆమె చేతి సూది తగలని ఇల్లు ఉంటుందనుకోను.

ఒంటిమీద గడ్డ కనిపించగానే ఆమె కోసేవారు కాదు. సన్నని సూది గుచ్చి, లోపలి నీరు కాస్త లాగి, గాజు పలక మీద వేసి మైక్రోస్కోపులో చూసేవారు. "చూడకుండా రోగానికి పేరు పెట్టకూడదమ్మా" అనేవారు. మిరప కోతల నుంచి వచ్చిన ఆడవాళ్ళ చేత ముందు నూనె రాయించి చేతులు కడిగించేవారు. "ఆ చేతుల్తో కళ్ళు తుడుచుకుని, సూది వల్లే ఏడ్చామని నా మీద చెబుతారు" అని నవ్వేవారు.

మా ఊళ్ళకు ఇంకా కరెంటు రాని రోజులవి. చంటిబిడ్డ తల్లి అయిన మా చెల్లెలికి రొమ్ము మీద, చర్మం కింద, ఉసిరికాయంత గడ్డ లేచింది. రాచపుండే, అదే క్యాన్సరేనని ఇంట్లో తేల్చేసి బిడ్డకు పాలు మాన్పించారు. వాత పెట్టించబోతుంటే నేను పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దాని అత్తగారూ బిడ్డను చంకనేసుకుని వెంట వచ్చింది.

"సూది గుచ్చితే పుండు ఒళ్ళంతా పాకదా, డాక్టరమ్మా?"

"నువ్వు పిల్ల చెయ్యి పట్టుకో పెద్దమ్మా. నీ నోరు పట్టుకోవడం నావల్ల కాదు."

ముసలమ్మ మూతి ముడుచుకుంది గాని, చెయ్యి పట్టుకుంది.

సూది పని ఇట్టే అయిపోయింది. కానీ ఆకాశం మబ్బేసింది. ఆ మైక్రోస్కోపు అద్దానికి ఎండే దీపం. కళ్ళాల్లో మిరపకాయలు కుప్పలు చేసి పట్టాలు కప్పుతున్నారు. "ఈపూట రైతుల కంటే నాకే ఎండ కావాలి" అంటూ ఆమె వరండాలో మా పక్కనే కూర్చున్నారు.

"ఏదో ఒకటి చెప్పండమ్మా" అని చెల్లెలు బతిమాలింది.

డాక్టరమ్మగారు దాని వీపు నిమురుతూ కూర్చున్నారు. నేను లోలోపల ప్రార్థించుకుంటున్నాను.

మబ్బు విడిచాక చాలాసేపు చూసి, "రా, నువ్వే చూడు" అని చెల్లెల్ని పిలిచారు. సన్నని దారపు ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి.

"బోదకాలు తెచ్చే పురుగు పిల్లలవి. రాచపుండు కాదు. మందుకు తగ్గుతుంది."

"మరి పాలు?"

"ఇవ్వమ్మా. బిడ్డకేం కాదు."

ఇన్నాళ్ళకు పాలు ఇంకిపోయాయేమోనని దాని భయం. ఇంటికెళ్ళేదాకా ఆగలేక, ఆ వరండాలోనే బిడ్డను ఒళ్ళో వేసుకుంది. "ఇంతమందిలోనా!" అంది అత్తగారు. డాక్టరమ్మగారు చటుక్కున ముందుకొచ్చారు. తెల్లచీర చెంగు రెండు చేతులా పరిచి, జనానికి అడ్డంగా నిలబడ్డారు. చెంగు వెనక బిడ్డ గుటకలు వినిపించేదాకా ఆ చేతులు దించలేదు.