ఫ్రెంచి పిల్ల ‘ఫైన్’ అన్న రోజు

ఆ రోజుల్లో మనసులో మాట పైకి చెప్పడమంటే నాకు నలుగురిలో తల దువ్వుకున్నంత సిగ్గు. ఎవరు పలకరించినా ‘ఫైన్’ అనేదాన్ని. జ్వరమొచ్చినా ఫైన్, పరీక్ష పోయినా ఫైన్. అలాంటి నాకు అమెరికాలోని ప్లేనోలో, మాస్టర్స్ మొదటి సెమిస్టర్లో, రూమ్మేటుగా ఒక ఫ్రెంచి పిల్ల దొరికింది (అసలు పేరుకు నోరు తిరగక అలాగే పిలిచేదాన్ని). వచ్చిన వారానికే ఒక సాయంత్రం తలుపు తోసుకొచ్చి, బ్యాగు విసిరేసి, బుగ్గలు పొంగించి ‘ప్ఫ్’మని గాలి వదిలి, “ఇక నా వల్ల కాదు! చచ్చిపోతున్నా!” అంది. నిజమే అనుకున్నాను. పరుగున వెళ్ళి పక్క అపార్ట్‌మెంట్ ఆంటీని పిలుచుకొచ్చాను. ఆవిడ చారన్నం, విభూతి పట్టుకొచ్చి, “అయ్యో, ఏం కష్టమొచ్చిందే తల్లీ!” అంటూ ఆ పిల్ల తల నిమిరి, తన కళ్ళు తుడుచుకుంది. ఫ్రెంచి పిల్ల రెండుసార్లు వడ్డించుకుని తిని, నన్ను పక్కకు లాగి మెల్లగా అడిగింది: “పాపం, ఆంటీ వాళ్ళింట్లో ఎవరైనా పోయారా?”

ఆ పిల్ల కష్టమల్లా బస్సు పావుగంట ఆలస్యం కావడమే. వాళ్ళ ఊళ్ళో కుర్రకారంతా అలాగే మాట్లాడతారట. కాఫీ చల్లారినా చచ్చిపోతారు, జోకు బాగున్నా చచ్చిపోతారు. మహా సంతోషమేస్తే మాత్రం “పర్లేదు” అని భుజాలెగరేస్తారు. కొన్నాళ్ళకు తను రోజుకు నాలుగుసార్లు చస్తున్నా నేను లాప్‌టాప్‌లోంచి తల ఎత్తడం మానేశాను.

మిడ్‌టర్మ్ పరీక్ష రోజు పొద్దున తను ఫోన్ పట్టుకుని సోఫాలో కూర్చుని ఉంది. ‘ప్ఫ్’ లేదు, చేతులు తిప్పడం లేదు. “ఏమైంది?” అన్నాను షూస్ వేసుకుంటూ. “ఏం లేదు. ఫైన్,” అంది.

అది నా మాట. దాని వెనక ఏముంటుందో నాకు బాగా తెలుసు. కాసేపట్లో బస్సు, ఆ వెంటనే పరీక్ష. అది తప్పితే నా స్కాలర్‌షిప్ ఉండదు. అయినా షూస్ విప్పి పక్కన కూర్చున్నాను. తనను పెంచిన అమ్మమ్మ పోయిందట. ఎంత తొందరగా బయల్దేరినా ఆఖరి చూపు దక్కదట. ఓదార్చడం నాకు చేతకాదు. చేయి పట్టుకున్నాను, అంతే. తను ఏడ్చింది. ఇల్లు వదిలి వచ్చినప్పటినుంచీ దాచుకున్నదంతా పొంగి నేనూ ఏడ్చాను. పరీక్షకు నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళి, ఎర్రబడ్డ కళ్ళతో రాసి, బొటాబొటిగా గట్టెక్కాను.

ఇప్పుడు నేను అమెరికాలోనే, అల్ఫారెట్టాలో, తను వాళ్ళ దేశంలో. ఆదివారం ఫోన్ చేసి అరగంటసేపు చచ్చిపోతుంది. చివర్లో “నువ్వెలా ఉన్నావ్?” అంటుంది. ఇన్నేళ్ళొచ్చినా నాకు బుద్ధి రాలేదు, అలవాటు కొద్దీ “ఫైన్” అంటాను. అటువైపు కుర్చీ లాగిన చప్పుడవుతుంది.

“ఆగు, కూర్చున్నా. ఇప్పుడు చెప్పు,” అంటుంది.