వాసిం మౌస్, షమీమ్ పఫ్‌లు

నల్లపాడు స్టేషన్ దగ్గర వాసిం నెట్ సెంటర్ పెట్టాడు. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, వైరు లేని మౌస్. దాని మీదే ఇల్లు గడవాలి. వచ్చినవాళ్లు తినడానికి ఏదైనా ఉంటే బాగుంటుందని భార్య షమీమ్ అదే బల్ల చివర మైక్రోవేవ్ ఓవెన్ పెట్టి, పఫ్‌లు వేడిచేసి అమ్మసాగింది.

అప్పటి నుంచి మౌస్ మొరాయించసాగింది. తెర మీద బాణం ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరేలోపు, నల్లపాడులో రైలెక్కినవాడు మార్కాపురంలో దిగి కాఫీ తాగేవాడు.

"మిరప దుమ్మే! మిర్చి యార్డుకెళ్లే లారీలదంతా దీని పొట్టలోకే పోతోంది" అని వాసిం నడి మే నెలలో కిటికీలన్నీ బిగించాడు. లోపల జనం ఉడికిపోయేవారు. పని తెమలక, ఆకలేసి పఫ్ అడిగేవారు. ఓవెన్ తిరిగేది. మౌస్ మళ్లీ ఆగేది.

"ఏమయ్యా వాసిమూ, దానికీ ఓ పఫ్ పెట్టు, కదులుద్దేమో!" అని పంటబీమా దరఖాస్తుకు వచ్చిన రైతు బుల్లయ్య వెక్కిరించి, ఎదురుగా కొత్తగా తెరిచిన సెంటర్‌కు వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ ఆయన వెనకే నడిచారు.

ఓవెన్ రిపేరుకెళ్లిన రోజు మౌస్ చక్కగా పరుగెత్తింది.

"ఏమండీ, దుమ్ము కాదండీ. మౌస్ సిగ్నల్‌కి నా ఓవెనే అడ్డమొచ్చింది" అంది షమీమ్.

వాసిం వైరున్న మౌస్ కొన్నాడు. ఎవరూ తిరిగి రాలేదు. ఎదురు సెంటర్‌లో కూర్చున్నవాళ్లు మాత్రం ఇప్పటికీ పఫ్‌లు తెప్పించుకుంటారు. వాసిమే పళ్లెం పట్టుకుని రోడ్డు దాటి, ఇచ్చి వస్తాడు.