కేసులున్నాయా అన్న గడి

కాలేజీలో ఫిలాసఫీ చెప్పేవాణ్ని. కరోనాలో అది మూతపడితే అబుదాబి పక్కనున్న ముసఫ్ఫాకు వచ్చి ఒక కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేరాను. మరుసటి ఏడు, శ్రమ గురించి నేను చెప్పిన పాత పాఠాలు పట్టుకుని, నిషేధిత కమ్యూనిస్టు పార్టీ మనిషినని ఊళ్లో కేసు పెట్టారు. ఆ పాఠాలు పిల్లలెవరూ వినలేదు, పోలీసులే శ్రద్ధగా విన్నారు.

మేముండే లేబర్ క్యాంపులో అందరి పాస్‌పోర్టు రెన్యువల్ ఫారాలూ నేనే నింపుతాను. 'మీ మీద కేసులున్నాయా' అన్నచోట, ఎవరినీ అడక్కుండానే 'లేవు' అని రాసేవాణ్ని. కిందటి నెల నా ఫారం వంతు వచ్చింది. ఆ గడి దగ్గర పెన్ను ఆగింది.

"అందరికి లేవనే రాస్తిరి గద సార్," అన్నాడు పక్క మంచం మేస్త్రీ. "మీకూ గదే రాయున్రి, ఖలాస్."

ఉన్నాయంటే పాస్‌పోర్టు రాదు. అది లేకుంటే వీసా పోతుంది, ఊరికి పంపిస్తే నేరుగా జైలుకే. లేవని రాస్తే, నేను చేసిన మొదటి నేరం అదే అవుతుంది.