ముద్దాయికి పది గుంజీలు

కుదరబోయే సంబంధాన్ని నోటిదురుసుతో చెడగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. జడ్జి కుర్చీలో కూర్చుని, తీర్పు రాసి మరీ చెడగొట్టుకోబోయిన ఘనుణ్ని మాత్రం నేనొక్కణ్నే. చిత్తగించండి.

ఆంధ్ర, హైదరాబాద్ రాష్ట్రాలు రెండూ కలిసిన కొత్త. నేను వికారాబాద్ నుంచి తాండూరు బడికి పంతులుగా వచ్చాను. ఆదివారం సాయంత్రాలు గ్రంథాలయంలో ఉత్తుత్తి కోర్టు నడిపేవాళ్లం. ఒకరు జడ్జి, ఇద్దరు తగువులాడేవాళ్లు, మిగతా ఊరంతా వకీళ్లే! బెజవాడ పత్రికలు అక్షరం వదలకుండా చదివేవాణ్ని కాబట్టి నా అంత తెలుగు ఆ చుట్టుపక్కల ఎవరికీ రాదని నా నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఆ ఆదివారం కొడంగల్ నుంచి నర్సప్పగారు వచ్చారు. భూమి తగాదాలతో ఇరవై ఏళ్లు ఉర్దూలో నడిచే కోర్టు కచేరీల చుట్టూ తిరిగిన మనిషి. వాళ్ల అమ్మాయిని నాకివ్వాలని మాటలు నడుస్తున్నాయి. ఆ పిల్లను ఒక పెళ్లిలో చూసింది మొదలు నాకు అన్నం సయించడం లేదు. పిల్లవాడి తెలివి చూసిపోదామని వచ్చిన ఆయన, "నేను గూడ ఆడుత" అంటూ ముందుకొచ్చారు. తన కందిచేను మేకలు మేశాయని ఆయన ఫిర్యాదు. మేకల యజమాని వేషం నా స్నేహితుడు మాణయ్యది.

కాబోయే మామగారిని గెలిపించకుండా ఉంటానా? తీర్పు అచ్చంగా పత్రికల భాషలో రాసుకుని, తలెత్తకుండా చదివాను.

"ఈ ముద్దాయి మాట ఒక్కటీ నమ్మదగింది కాదు."

"నేనేం అబద్ధం చెప్పిన జడ్జి సాబ్?" అని ఎవరో అన్నారు. వకీళ్ల గోలలో అది మాణయ్య గొంతే అనుకున్నాను.

"నోర్మూయ్! మొహం చూస్తేనే తెలుస్తోంది నీ సంగతి!" అని నాపరాయి ముక్కతో బల్ల మీద బాదాను. "ముద్దాయి అందరి ముందూ పది గుంజీలు తీయాలి!"

తలెత్తితే ఎదురుగా నర్సప్పగారు లేచి నిలబడి ఉన్నారు. మాణయ్య పళ్లికిలిస్తున్నాడు.

"చేను పోయింది నాది. గుంజీలు గూడ నేనే తియ్యాల్నా? గిదేం ఇన్సాఫ్?" అన్నారు నర్సప్పగారు.

"మీరెందుకండీ! తీయాల్సింది ముద్దాయి కదా!"

"నేనే గద ముద్దాయిని!"

మాణయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. "పంతులూ, మన కచేరిల ముద్దాయంటే ఫిర్యాదు చేసినోడు. నీ బెజవాడ పేపర్లనే అది ఉల్టా అయింది."

వికారాబాద్‌లో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలియదా? తెలుసు. పత్రికల మోజులో మరిచిపోయాను. పిల్ల చేజారిందనే అనుకున్నాను. అప్పుడు మాత్రం నోట బెజవాడ తెలుగు ఒక్క ముక్క రాలేదు.

"తప్పయింది మామా, జర మాఫ్ చెయ్యిండ్రి!" అని కుర్చీ దిగి, చెవులు పట్టుకుని, ఆ పది గుంజీలూ నేనే తీశాను. వకీళ్లంతా గొంతెత్తి లెక్కపెట్టారు. ఏడోది సరిగా రాలేదని మాణయ్య మళ్లీ తీయించాడు.

నర్సప్పగారు మీసం దువ్వుకుంటూ చూశారు. "తెలివి సంగతేమో గని, గుంజీలు మస్తు తీస్తున్నడు. మా బిడ్డతోని కాపురం చెయ్యాల్నంటే గదే గావాలె. లగ్గం పెట్టుకుందం!"

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ జడ్జి కుర్చీ ఎక్కను. ఎక్కుదామన్నా మా ఇంట్లో అది లగ్గం అయిన నాటి నుంచీ ఖాళీగా లేదు.