గుండ్లా, తూటాలా

మా మేనత్త చేనిలో వేరుశనగను ఒక ఏడాది అడవిపందులు తిన్నాయి. అవి తినగా మిగిలినది మేము తిన్నాము. అది ఒక చేటెడు ఉంటుంది. అందుకని మరుసటి ఏడు కాయ ఊరే సమయానికి మా నాన్న, మా బాబాయి చెరొక తుపాకి పట్టుకొని ఆమె ఇంటికి వచ్చి దిగారు.

నేను అప్పటికే అక్కడ ఉన్నాను. స్కూలు ఫైనలు అయిపోయి ఇంట్లో కూర్చొని పుస్తకాలు చదువుతుంటే ఆడపిల్లకు కళ్లు పోతాయని అమ్మకు భయం. అత్తకు తోడుగా ఉండమని పంపింది. అక్కడ కూడా నేను చేసింది ఆ పనే. అత్త నా కళ్ల సంగతి పట్టించుకోలేదు.

అత్త ఇల్లు విడవలూరు దాటి సముద్రం వైపు, సరుగుడు తోపుల అంచున ఉండేది. మామయ్య పోయిన తరువాత ఆమె ఒక్కతే ఆ ఇసుక నేలలో వేరుశనగ వేసుకొని బతుకుతోంది. పందులు పగలంతా సరుగుడు తోపులో పడుకొని దీపాలు పెట్టే వేళకు బయటికి వచ్చేవి. ఆమె చేను వాటికి వాకిట్లోనే ఉన్నట్టు లెక్క.

ఈ ఏడు కూడా పంట పందుల పాలైతే చేను కౌలుకిచ్చి బుచ్చిరెడ్డిపాలెం వచ్చి మాతో ఉండాలని నాన్న అత్తతో చెప్పాడు. అత్త ‘అట్టనే’ అన్నది. ఆమె ఒప్పుకుందని నాన్న అనుకున్నాడు. వచ్చేటప్పుడు రెండెడ్ల బండి కట్టించుకొని వచ్చి, దాన్ని తిరిగి పంపకుండా గోడ పక్కన నిలిపి ఉంచాడు. ఆమె పెట్టె, పాత్రలు వేసుకొని పోవడానికని ఎవరూ అనలేదు. బండి మాత్రం ఉత్తదిగా, కాడి నేలకు ఆనించి అక్కడే ఉంది. అత్త దాని మీద వడియాలు ఎండబెట్టింది.

వడియాలు పెడుతూ ఒకసారి నాతో అన్నది: ‘‘మీ ఇంట్లో నాకు అన్నం పెడతారుమే. కాదనను. ఎసరు ఎప్పుడు పెట్టాలో మాత్రం నన్నడగరు.’’

ఆ పంట ఇల్లు చేరకపోతే ఏమవుతుందో నాకు అర్థమైంది.

ఇక తుపాకుల సంగతి. రెండూ పంట కాపుదల కోసమని లైసెన్సు పొందినవే. లైసెన్సులు నాన్న పేర, బాబాయి పేర ఉన్నాయి గనుక పేల్చవలసినవాళ్లు వాళ్లే. నాన్నది తాత నాటి తుపాకి. గొట్టం మూతిలోంచి మందు పోసి, కాగితం కుక్కి, గుండు వేసి, మళ్లీ కాగితం కుక్కి, కడ్డీతో దట్టించాలి. దాని గుండు బజారులో దొరకదు. ఆ గొట్టం కొలతకు తాత చేయించిన ఇనుప అచ్చు ఒకటి ఉంది. అందులో సీసం కరిగించి పోస్తే వచ్చే గుండు ఆ తుపాకికి తప్ప ఇంకో తుపాకికి పట్టదు. బాబాయిది కొత్తది, మధ్యకు విరిచి తూటా పెట్టేది. తూటాలు కంపెనీవి. అడుగున ఇత్తడి గిన్నె, పైన ఎర్రటి అట్ట గొట్టం, లోపల మందూ గుండూ అన్నీ సిద్ధంగా ఉంటాయి. అట్టపెట్టెలో కోడిగుడ్లలాగా వరసగా పేర్చి వచ్చాయి.

ఏది మేలన్న విషయం మీద అన్నదమ్ములు తిన్నె మీద కూర్చొని వాదించుకున్నారు. తన గుండు తన గొట్టానికి పుట్టింది గనుక పోవలసిన చోటికి పోతుందని నాన్న అన్నాడు. తన తూటాలు అన్నీ ఒక్కటే తీరు గనుక మొదటిది ఎక్కడికి పోతే చివరిదీ అక్కడికే పోతుందని బాబాయి అన్నాడు. ఎవరి కొలతకు కుట్టించిన చొక్కా వాళ్లు వేసుకోవాలని నాన్న అంటే, రెడీమేడు చొక్కాలు వేసుకొని మద్రాసులో అందరూ బాగానే తిరుగుతున్నారని బాబాయి అన్నాడు. ఈ వాదం సాగుతున్న రోజుల్లో పందులు చేను తూర్పు మూల తిన్నాయి.

నాన్న మైపాడు వెళ్లి పాత వలలకు కట్టిన సీసపు బిళ్లలు కొనుక్కొచ్చాడు. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద ఇనుప గరిటె పెట్టి సీసం కరిగించి అచ్చులో పోసేవాడు. గుండు చల్లారాక, సీసం పోసిన చోట మిగిలిన తోక గీకి, నున్నగా అరగదీసి, పలక మీద దొర్లించి చూడడం నా పని. తిన్నగా దొర్లితే మంచిది. ఊగుతూ దొర్లితే మళ్లీ గరిటెలోకే. ఆ పని నాకు బాగా నచ్చింది. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

గొట్టంలో కుక్కడానికి కాగితం కూడా నేనే ఇవ్వాలి. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ నావే. ముందు వారపత్రికల్లో ప్రకటనలు ఇచ్చాను. తరువాత నాకు నచ్చని ఒక సీరియల్ ఇచ్చాను.

వాదం తెగక చివరికి పరీక్ష పెట్టుకున్నారు. పాత తలుపు చెక్క ఒకటి ఇసుక దిబ్బకు ఆనించి, దాని మీద బాబాయి బొగ్గుతో పందిని గీశాడు. అత్త వచ్చి చూసి, బర్రెను కొడతారా అని అడిగి వెళ్లిపోయింది. నాన్న గుండు పంది మెడలో దిగింది. బాబాయి తూటా డొక్కలో దిగింది, రెండోది దాని పక్కనే దిగింది. ఇద్దరూ గెలిచామన్నారు. అత్త అరుగు మీద కూర్చొని చెవుల్లో వేళ్లు పెట్టుకొని అంతా చూసింది. నాన్న రెండోసారి మందు పోసి దట్టించేలోపల ఆమె లోపలికి వెళ్లి, పొయ్యి మీద పప్పు కలిపి, తిరిగి వచ్చి కూర్చుంది.

‘‘పెద్దోడా, నీ గుండు మంచిదేరా’’ అన్నది అత్త. ‘‘అయితే పంది ఒక్కటే రాదు గదా. ఈ ఏటికి చిన్నోడి తూటాలు కానీ.’’

చేను ఆమెది గనుక నాన్న తన తుపాకిని నూనె గుడ్డతో తుడిచి గోడకు ఆనించి, తూర్పు మూల కంచె బాగుచేసుకుంటానని వెళ్లిపోయాడు. అక్కడ కంచె లేదు.

అది దసరా ముందు. మహర్నవమి నాడు అత్త ఇంట్లో ఆయుధ పూజ చేసుకున్నాము. కొడవలి, పార, కత్తిపీట, బావిలోంచి కపిలతో నీళ్లు తోడే మోకు, అన్నీ కడిగి పీట మీద పెట్టాము. మా తాత నాటి నుంచి గుండ్లు పసుపు నీళ్లలో ముంచి, బొట్టు పెట్టి, పీట మీద పెట్టడం ఆనవాయితీ. నాన్న తన గుండ్లు గిన్నెలో వేసి పసుపు నీళ్లు పోశాడు. అది చూసి బాబాయి తన తూటాల పెట్టె తెచ్చాడు. వాటికి బొట్టు పెడితే చాలునని నాన్న అన్నాడు. బాబాయికి అది చిన్నతనంగా తోచింది.

‘‘నీ గుండ్లకు స్నానమూ, నా తూటాలకు ఒట్టి బొట్టూనా అన్నా?’’ అన్నాడు.

ఒక్కొక్క తూటానే పసుపు నీళ్లలో ముంచి తీసి, బొట్టు పెట్టి, పీట మీద నిలబెట్టాడు. చూడడానికి పెళ్లికూతుళ్లలాగా ఉన్నాయి. పూజ అయ్యాక ఎండలో పెడితే పేలుతాయేమోనని చేటలో వేసి నీడన ఆరబెట్టాము. వాన మబ్బు పట్టి, సముద్రం మీది నుంచి గాలి వీస్తూ ఉంది. ఆ గాలికి అత్త ఇంట్లో ఉప్పు కూడా నీరవుతుంది.

మరునాడు సాయంత్రం పొద్దు గుంకుతుండగా పందులు వచ్చాయి. ముందు ఒక పెద్దది, వెనక చిన్నాపెద్దా గుంపు. సరుగుడు తోపులోంచి తమ సొంత చేనికి వచ్చినట్టు వచ్చి, మూతులు ఇసుకలో దూర్చి తినడం మొదలుపెట్టాయి. మేము కళ్లం పక్కన తాటాకు గుడిసెలో కూర్చొని ఉన్నాము. బాబాయి తుపాకి విరిచి తూటా పెట్టాడు. అది లోపలికి పోలేదు. సగం దాకా పోయి ఆగింది. దాన్ని తీసి ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే. మూడోది అంతకూడా పోలేదు. అట్ట గొట్టాలన్నీ పసుపు నీళ్లు తాగి ఉబ్బి ఉన్నాయి.

‘‘చిన్నోడా’’ అన్నది అత్త మెల్లగా. ‘‘పందులు చేలో ఉండాయి. నువ్వేందిరా, గాజులు తొడగతా ఉండావు?’’

బాబాయి ఇంకొకటి తీసి అరచేత్తో గట్టిగా నెట్టాడు. అది కొంత పోయి బిగుసుకుంది. ఇక ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. తుపాకి మూసుకోలేదు.

నాన్న తుపాకి గుడిసెలోనే ఉంది కాని ఖాళీగా ఉంది. తనది వద్దన్నారు గనుక ఆయన మందు పోయలేదు. ఇప్పుడు మందు నింపి పెట్టుకునే పశువు కొమ్ములోంచి కొలిచి పోయడం మొదలుపెట్టాడు. కాగితం కోసం నా వైపు చెయ్యి చాచాడు. నా ఒళ్లో ఉన్నది నేను చదువుతున్న పత్రిక. అందులో నచ్చని సీరియల్ లేదు. నచ్చిన దాంట్లోంచే ఒక పేజీ చించి ఇచ్చాను. చిరిగిన చప్పుడుకు పెద్ద పంది తల ఎత్తి, మళ్లీ దించుకుంది. తొందరలో నాన్న పోస్తున్న మందు కొంచెం పంచె మీద పడింది.

‘‘నిదానంగా పొయ్‌రా’’ అన్నది అత్త. ‘‘అవి యాడికీ పోవు. బాగా తింటా ఉండాయి.’’

అలా అంటున్నప్పుడు ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ వేళ్లు ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకు తెలుసు. అంత దూరం నుంచి కూడా చేనిలో ఒక సాలు మొత్తం తిరగబడి తెల్లటి కాయలు కనిపిస్తున్నాయి.

నాన్న కడ్డీ తీసి, మోకాలి మీద కూర్చొని పేల్చాడు. గుడిసె అంతా పొగ. పొగ తేలేటప్పటికి పెద్ద పంది పడి ఉంది. మిగతావి తోపులోకి పరుగెత్తాయి. కాలిన కాగితం ముక్కలు చేను మీద ఎగురుతున్నాయి. ఆ కథలో తరువాత ఏమయిందో నాకు ఈ నాటికీ తెలియదు.

‘‘తూటాల తప్పేం లేదన్నా’’ అన్నాడు బాబాయి. నాన్న గడ్డివామి వెనక్కి వెళ్లి, కొంచెంసేపు అక్కడ ఉండి, ముఖం తుడుచుకుంటూ తిరిగి వచ్చాడు.

ఆరితే సన్నబడతాయని అత్త తూటాలను వడ్ల కుండలో పెట్టింది. బాబాయి రోజూ ఉదయం ఒకదాన్ని తీసి, తిన్నె మీద కూర్చొని, ఇరుక్కున్న తూటా మీది అట్టతో పోల్చి చూసి మళ్లీ కుండలో వేసేవాడు. తుపాకి మూసుకోదు గనుక దాన్ని రెండుగా మడిచి తువ్వాలులాగా భుజాన వేసుకొని తిరిగేవాడు. సాయంత్రాలు నాన్న పక్కన కూర్చొని మందు కొమ్ము అందించేవాడు. నేను కాగితం చించేదాన్ని. ఒకరు పోస్తే ఒకరు కుక్కి, ఒకరు దట్టిస్తుంటే పాత తుపాకి అత్త పప్పు కలపడానికి లేచేలోపలే సిద్ధమయ్యేది. ముగ్గురు మనుషులు కావలసిన తుపాకికి ఒక మనిషే ఉండడం వల్ల ఆలస్యమైందని తేలింది. పందులు ఇంకా కొన్నిసార్లు వచ్చాయి. తరువాత తోపుకు అవతలి వైపు వెళ్లడం మొదలుపెట్టాయి.

పెద్ద వానలకు ముందే కాయ పీకాము. తూర్పు మూలా, తిరగబడిన సాళ్లూ పోగా మిగిలిన పంట ఇల్లు చేరింది. అత్త మా ఇంటికని రెండు బస్తాలు కట్టించి బండిలో వేయించింది. తన పెట్టె అటక మీది నుంచి దించలేదు. దాన్ని గురించి నాన్న అడగలేదు. బండిలో బస్తాల మీద బాబాయి మడిచిన తుపాకి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. నెల్లూరులో బాగుచేసేవాడికి చూపిస్తాడట.

నాన్న ఎక్కబోతూ అచ్చు ఏదని అడిగాడు. అత్త దాన్ని వంటింట్లో ఉప్పు జాడీ పక్కన పెట్టింది.

‘‘ఇక్కడే ఉండనీలేరా’’ అన్నది.

‘‘అది లేకుండా నేను గుండ్లు ఎట్టా పోసేది అక్కా?’’

‘‘ఇక్కడికొచ్చి పోసుకో. మళ్లీ కాయ ఊరేటప్పటికి రా. చిన్నోడ్ని కూడా తీసుకురా, కొమ్ము పట్టుకోవాలగదా.’’

నాన్న అచ్చు కోసం ఇంకోసారి అడగకుండా బండి ఎక్కాడు. నన్ను రమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు. నేను అరుగు మీదే ఉన్నాను. బండి తోపు మలుపు తిరిగి కనిపించకుండా పోయాక, అత్త లోపలికి నడుస్తూ ఎసరు పెడదామా, ఇంకాసేపు ఆగుదామా అని నన్ను అడిగింది. నేను జవాబు చెప్పేలోపల, ఆగుదాంలే అని తనే చెప్పింది.