నీళ్లలో నీళ్లు కలిపిన నేరం

పాలల్లో నీళ్లు కలిపి దొరికిపోయినవాళ్లు లోకంలో చాలామంది. నీళ్లలో నీళ్లు కలిపి దొరికిపోయిన మనిషిని మాత్రం, నాకు తెలిసి, నేనొక్కదాన్నే. నా చేతి చలవ వల్ల దక్షిణ ధ్రువం దగ్గర ఒక సముద్రం సర్వనాశనమైంది. సరే, సముద్రమంతా కాదు, ఒక పెట్టెడు సీసాల సముద్రం. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకిప్పుడు అలవాటైపోయింది.

ముందు మా ఇంటి సంగతి తెలియాలి. మాది పోర్ట్ బ్లెయిర్‌లో బతు బస్తీ. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. చుట్టూ సముద్రం, సగం ఏడాది వాన. కుళాయి మాత్రం ఎండాకాలంలో తనకి బుద్ధి పుట్టినప్పుడే వస్తుంది. అందుకని మా అమ్మ ఒక శాసనం చేసింది: ఇంట్లో సగం నిండిన పాత్ర కంటపడకూడదు. బాల్టీలో మిగిలినవి, బిందెలో మిగిలినవి, చెంబు అడుగున ఉన్నవి అన్నీ ఒకదాంట్లో పోసి మూత పెట్టాలి. ఖాళీ అయినవి కుళాయి దగ్గర వరసగా నిలబెట్టాలి. నీళ్లు వచ్చినప్పుడు ఖాళీ పాత్ర లేనివాడే మా వీధిలో కటిక పేదవాడు. ఈ విద్య నాకు నడక కంటే ముందే వచ్చింది.

అలాంటి నన్ను శారద మేడమ్ తన పరిశోధన ఓడ ఎక్కించుకున్నారు. మేడమ్‌ది కాకినాడ. మంచు సముద్రాల్లో కార్బన్ లెక్క తేల్చడం ఆవిడ పని. అక్కడ మంచు కరిగిన చప్పనీరు పైన తేలుతుంది. ఏళ్ల తరబడి చీకట్లో ఉండి బొగ్గుపులుసు వాయువును పోగేసుకున్న ఉప్పునీరు అడుగున ఉంటుంది. రెండూ కలిసినచోట ఆ వాయువు ఎంత పైకొస్తుంది, నీరు ఎంత పులుపెక్కుతుంది, ఇదీ ఆవిడ చూసేది. సీసాలు కడగడం, సర్దడం నేను చూసేది. బాగా చేస్తే వచ్చే ప్రయాణానికీ నా పేరు రాస్తామన్నారు. నాకంతకన్నా కావలసింది లేదు. అప్పటికే మా చర్చిలో పాస్టరుగారు నా పేరు పెట్టి ప్రార్థన చేసేశారు. మొదటి ప్రయాణంతోనే ఇంటికొచ్చి కూర్చుంటే ఆదివారం ముఖం ఎక్కడ పెట్టుకోను?

ఓడ మంచు అంచున ఆగింది. పైనీళ్లు, లోతునీళ్లు సీసాల్లోకి చేరాయి. మేడమ్ ఒక్కో సీసాలోంచి సగం తీసి ఒక పరీక్ష చేశారు. మిగతా సగంతో రెండో పరీక్ష మర్నాడట. రాత్రి భోజనానికి వెళుతూ అన్నారు: "ప్రమీలా, ఇక్కడ కాలు పెట్టే చోటు లేదు. కాస్త సర్దిపెట్టు."

సర్దమన్నారు కదా అని చూశాను. ఎటు చూసినా సగం సీసాలే! మా అమ్మ గాని చూసిందంటే ఏమైనా ఉందా? నీరు పల్లమెరుగు, బతు బస్తీ పిల్ల క్యానెరుగు. మూల ఉన్న పెద్ద క్యాను లాగాను.

రాత్రికి రాత్రే ఓడ అక్కణ్నుంచి కదిలింది. పొద్దున్న మేడమ్ లోపలికి వచ్చి అటూ ఇటూ చూశారు.

"సీసాలేవీ?"

"కడిగి బోర్లించీసేను మేడమ్. ఏక్‌దమ్ సాఫ్!"

"వాటిలో నీళ్లు?"

"ఫికర్ చెయ్యకండి. ఒక్క చుక్క పారబొయ్యలేదు. అన్నీ ఈ క్యాన్లో పోసీసేను."

"అన్నీ అంటే... పైనీళ్లు?"

"ఉన్నాయి మేడమ్."

"లోతునీళ్లు?"

"అవీ ఇందులోనే. బాగా కలిసిపోయాయి!"

మేడమ్ స్టూలు వెతుక్కుని కూర్చున్నారు. క్యాను వంక చూసి, నీరసంగా అడిగారు.

"పోనీ, ఏవి ఎంతెంత పోశావు?"

"అందాజుగా, మేడమ్."

ఆవిడ ముఖం చూశాక గాని నాకు భయం వెయ్యలేదు. "ఓడ వెనక్కి తిప్పమందామా మేడమ్? అక్కడ నీళ్లు బోలెడున్నాయి కదా" అన్నాను.

"అది మీ వీధి కుళాయి కాదమ్మా. ఆ దారి మంచుతో మూసుకుపోయింది." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రెండు నీళ్ల గుణాలూ విడివిడిగా తెలిస్తేనే కదా, సముద్రం వాటిని ఎంతెంత కలిపిందో చెప్పగలను? ఉప్పయితే కలిపినంతకి లెక్క కట్టొచ్చు. పులుపు అలా కాదు, సగం సగం కలిపితే సగంలో ఆగదు. దాని దారి దానిది. సముద్రం నెమ్మదిగా చేసే పనిని, నేను అన్నం తిని పడుకుని లేచేలోపు నువ్వు చేసేశావు."

నాకు ఏడుపొచ్చేసింది. వెక్కుతూనే కుళాయి సంగతి, బాల్టీల సంగతి, అమ్మ శాసనం అన్నీ చెప్పుకున్నాను. ఖాళీ పాత్రల వరస దగ్గరికి వచ్చేసరికి మేడమ్ పెదవి బిగించారు. "సగం చెంబు కూడా వదలరా?" అని అడిగి, నేను తల అడ్డంగా ఊపగానే బల్ల మీద వాలిపోయి నవ్వారు. మొదటి పరీక్ష అంకెలు చేతిలో ఉన్నాయి కాబట్టి సగం పని బతికింది, వాటితో నేనూ బతికాను.

ఓడ దిగేటప్పుడు ధైర్యం చేసి అడిగాను. "మేడమ్, వచ్చే ప్రయాణానికి నా పేరు..."

"రాస్తాను. ఆ క్యాను పేరు మాత్రం రాయను."

ఇంటికొచ్చాను. కుళాయి రోజు. పెరట్లో రెండు సగం బాల్టీలు పక్కపక్కన ఉన్నాయి. నేను చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

"ఏటే, అలా సూస్తన్నావు? రెండూ ఒకదాంట్లో పొయ్యి!"

"ముందు ఏది ఎంతుందో కొలవాలమ్మా."

"ఓలమ్మో! మంచులోకెళ్లి పిల్లకి బుర్ర గడ్డకట్టీసింది!"

మా చర్చి సంఘంలో ఒట్టు పెట్టకూడదంటారు కాబట్టి, ఆ రోజే కుళాయి సాక్షిగా మాట మాత్రం ఇచ్చాను: ఈ జన్మలో నా చేత్తో ఏ రెండు నీళ్లూ కలపను. నేటికీ ఆ మాట తప్పలేదు. నా స్నానానికి వేణ్నీళ్లలో చన్నీళ్లు మా అమ్మే కలిపి పెడుతోంది, అందాజుగా.